మెట్ల కింది గది

మబరారా వైద్య కళాశాలలో
మెట్ల కింద ఒక గది ఉంది.
ఒకప్పుడు అందులో చీపుళ్లు ఉండేవి,
ఇప్పుడు నేనుంటున్నాను.
డాక్టర్ల చేతిరాతలోంచి అంకెలు ఏరడం నా పని.
చిక్కుడు గింజల్లో రాళ్లలాగా
ఒక్కో తప్పునీ వేలితో పక్కకి జరుపుతాను.

ఒక బుధవారం రెండు గంటలకి
డాక్టర్ కియోముహెండో వచ్చింది.
చంకలో పదకొండు రిజిస్టర్లు,
అట్టల మీద టీ మరకలు, అయొడిన్ మరకలు,
ఒకదాని మూల బొద్దింక కొరికింది.
పదకొండేళ్లుగా ఆ వార్డులో ప్రతి పసికందు ఒంటివేడీ
పుట్టిన గంటలో ఒకసారి,
రాత్రి రెండింటికి ఒకసారి.
ఎవరూ రాయమనలేదు.
"ఏదో చెబుతున్నాయి ఇవి,
వినే తీరికే లేదు నాకు" అంది.

పొద్దున్న ఎనభైమందికి పాఠం,
ఆపైన వార్డు, ఆపైన మళ్లీ వార్డు.
డీన్ ఒక కాగితం మీద సంతకం పెట్టాడు:
వారానికో మధ్యాహ్నం ఆవిణ్ణి ఎవరూ పిలవకూడదని.
చూడ్డానికి ఒక్క వాక్యం.
అది పడిపోకుండా కింద భుజం పెట్టినవాడు
జూనియర్ బ్యముకామ.

మొదటి రెండు బుధవారాలూ
నా బల్ల మీద తల వాల్చి నిద్రపోయిందావిడ.
తలుపు దగ్గరకి వేసి ఫ్యాను ఆపాను,
రెక్క చప్పుడు చేస్తుందని.
నెలాఖరు నివేదికలో ఒక గడి ఉంటుంది,
'ఈ నెల సాధించినది'.
'నిద్ర' అని రాయబోయి
'ప్రాథమిక చర్చలు' అని రాశాను.

మూడో బుధవారం అడిగింది:
"మొదటి వాక్యం ఎలా మొదలుపెడతారు?"
ఊపిరి మరిచిన బిడ్డని వీపు నిమిరి
వెనక్కి పిలిచే మనిషి,
తెల్ల కాగితం ముందు చేతులు నలుపుకుంటూ.

మొదటిది చివర్లో రాద్దాం, ముందు పట్టిక గీద్దాం అన్నాను.
ఆవిడ వాక్యాలు అంకోలే ఆవుల కొమ్ములు,
వంపు తిరిగి అందంగానే ఉంటాయి,
గుమ్మంలో పట్టవు.
కోశాం. అలిగింది. వారం రాలేదు.
వచ్చాక మళ్లీ కోశాం.

అచ్చు రుసుం ఆవిడ మూడు నెలల జీతం.
సగం డీన్ ఇచ్చాడు,
సగం మాఫీ చేయమని తొమ్మిది ఉత్తరాలు రాశాను.
తొమ్మిదోదానికి బదులొచ్చింది.

దాంతోపాటు ఇద్దరు సమీక్షకుల మాటలూ వచ్చాయి.
మొదటాయన కామాలు సరిచేశాడు.
రెండో ఆయన అడిగాడు:
ఆరో రిజిస్టరులో
వరసగా నలభై మూడు రాత్రులు ఖాళీ. ఎందుకు?

ర్విజి నది వైపు నుంచి వాన వచ్చింది,
రేకుల మీద గట్టిగా.
అది తగ్గేదాకా ఇద్దరం మాట్లాడలేదు.

రాత్రి అంకెలన్నీ నర్సు కబాజుంగువి.
గుండ్రటి సున్నాలు, తోకలేని తొమ్మిదులు.
ఆ నలభై మూడు రాత్రులూ
ఆమె ఇదే ఆసుపత్రిలో, కింది అంతస్తులో ఉంది.
ఆమె ఒంటివేడి ఇంకెవరో రాశారు
వేరే రిజిస్టరులో.
నలభై నాలుగో రాత్రి నుంచి
మా పేజీలో తొమ్మిదికి తోక ఉంది.

'సిబ్బంది కొరత వల్ల వివరాలు లభ్యం కాలేదు'
అని టైపు చేశాను. అలవాటు.
కియోముహెండో నన్ను పక్కకి జరగమని
అది చెరిపి, రెండు వేళ్లతో కొట్టింది:
'కొలిచే మనిషి జబ్బుపడి, చనిపోవడం వల్ల.'
ఒక్క అక్షరం కోయాల్సిన పని లేకపోయింది.

తొమ్మిది పేజీలు అచ్చయ్యాయి.
రెండో పేరు కబాజుంగుది.
ఒక ప్రతి రాత్రి డ్యూటీ గదిలో
కెటిల్ కింద ఉందిప్పుడు, అంచు తడిసి.
కొత్త థర్మామీటర్లు ఆరు వచ్చాయి.
ఇరవై అడిగాం.

ఈ బుధవారం గుమ్మంలో బ్యముకామ.
ప్లాస్టిక్ సంచిలో ఫైళ్లు, కళ్లు ఎర్రగా.
పైన అతని వార్డులో కియోముహెండో తిరుగుతోంది,
ఆ చెప్పుల చప్పుడు నాకు తెలుసు.
"ఎక్కడ మొదలుపెట్టను?" అన్నాడు.

కుర్చీ చూపించి
ఫ్యాను ఆపాను.